నాగపూర్ హిందీ

టోక్యోలో అకిహబారా అనే పేటలో, ఒక భవనం ఐదో అంతస్తులో, పసుపు వానకోటు వేసుకున్న అమ్మాయి బొమ్మ నాకు దొరికింది. అరచేతి కంటే కాస్త పొడవుంది. ఎడమచేతిలో తాడు ఉంది కానీ ఆ తాడు చివర ఉండాల్సిన బెలూన్ లేదు. కోటు టోపీ అంచున రంగు లేచిపోయింది. గాజు పెట్టెకి తాళం వేసి ఉంది. పెట్టె మీద అంటించిన కాగితంలో ధర, దాని కింద ఏదో జపనీసు రాత. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూసుకున్నాకే నాకు నమ్మకం కుదిరింది. అప్పుడు నాకు తెలియకుండానే పైకి అనేశాను, "అత్తయ్యా, దొరికింది."

పక్క పెట్టె ముందున్న కుర్రాడు ఒకసారి నావైపు చూసి మళ్ళీ తన బొమ్మలవైపు తిరిగాడు. ఆ పేటలో తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు కొత్త కాదేమో.

అత్తయ్య పోయి అప్పటికి ఆరు నెలలు దాటింది.

ఆమె మాకు చుట్టం కాదు. నరసరావుపేటలో మేం అద్దెకున్న ఇంటికి ఎదురిల్లు ఆమెది. సందులో అందరికీ అత్తయ్యే. పాలు పోసే ఆయనకీ అత్తయ్యే, కేబుల్ డబ్బులకొచ్చే అబ్బాయికీ అత్తయ్యే. భర్త లారీ ట్రాన్స్‌పోర్టులో పనిచేసి ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. ఎండు మిరపకాయలు కొని, తొడిమలు తీసి, మిల్లులో కారం పట్టించి అమ్మేది. మాకు తెలిసింది అంతే.

నేను ఏదైనా వరసగా రాసుకునే మనిషిని. ఆఫీసులో ఒక పరికరం ఎందుకు పనిచేయడం లేదో వెతకాలన్నా, బజారుకి వెళ్ళాలన్నా ముందు కాగితం మీద వరస పెట్టుకుంటాను. ఆమె గురించి అలా రాయబోతే ఎప్పుడూ ముందుకొచ్చేది ఆమె మణికట్టు. పగలంతా మిరపకాయల్లో ఉండే వేళ్ళు కాబట్టి ఆమె మమ్మల్ని ఎప్పుడూ అరచేత్తో ముట్టుకోలేదు. చెల్లి జుట్టు కళ్ళ మీద పడితే మణికట్టు వెనకభాగంతో పక్కకి తోసేది. మెచ్చుకోవాలనిపిస్తే మోచేత్తో వీపులో పొడిచేది. టీవీలో ఎవరినైనా చూపించాలంటే గడ్డం ఎత్తేది. రిమోట్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి నేల మీద తన కాలి దగ్గర పెట్టుకునేది. ఛానల్ మార్చినా, సౌండు పెంచినా కాలి బొటనవేలితోనే. అంత చిన్న బటన్ని అంత లావు వేలితో ఒక్కసారి కూడా తప్పకుండా ఎలా నొక్కేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మ పోయిన ఏడాది మేం ఆ ఇంట్లోనే పెరిగామనాలి. నాన్న స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టుల మీద ఉండేవాడు. నాకు పదేళ్ళు, చెల్లి చిట్టికి ఐదు. బడి నుంచి రాగానే సంచులు మా గుమ్మంలో పడేసి ఎదురింటికి వెళ్ళిపోయేవాళ్ళం. కూర్చోగానే "దూరం జరగండ్రా, ఘాటుకి కళ్ళు పోతయ్" అనేది. కాసేపటికి "అంత దూరం కూర్చుంటే కనపడద్దా? ముందుకు రండి" అనేది.

మేం చూసేది ఒక జపాన్ బొమ్మల సీరియల్. అది హిందీలో వచ్చేది. కొండ మీద ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక అక్క, ఒక తమ్ముడు, రేకు డబ్బా లాంటి ఒక రోబో. అక్క ఎప్పుడూ పసుపు వానకోటులోనే ఉండేది. పెద్ద పెద్ద బెలూన్లు తయారుచేసి మబ్బుల్లోకి వదిలేది. అవి పైకి వెళితే కింద ఊళ్ళలో వాన పడేది. ఇంతవరకూ బొమ్మలు చూసి మేమే కనిపెట్టాం. మిగతాదంతా అత్తయ్య చెప్పిందే.

"నీకు హిందీ వచ్చా అత్తయ్యా?" అని మొదట్లోనే అడిగాను.

"రాకపోవటం ఏందిరా? నాగపూర్‌లో రెండేళ్ళు కాపరం చేశా. మీ మామయ్య అక్కడ బుకింగాఫీసులో ఉండేవాడు. నా హిందీకి జడిసి కూరగాయల బండోడు తూకం సరిగ్గా వేసేవాడు తెలుసా?"

తెర మీద అక్క గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతూ "ఆవో, ఆవో" అని పిలిచేది.

"ఆవు తప్పిపోయిందంట. పిలుస్తా ఉంది," అనేది అత్తయ్య.

మరో రోజు మళ్ళీ "ఆవో" వచ్చేది. మళ్ళీ ఆవు తప్పిపోయేది. నేను ఊరుకునేవాణ్ణి కాదు.

"ఎన్నిసార్లు తప్పిపోద్ది అత్తయ్యా? ఇంతవరకు ఒక్కసారి కూడా ఆవుని చూపించలా."

"బొమ్మలేసేవాడికి ఆవు చేతకాదేమోరా. చేతకాకపోతే ఏం చేస్తాడు? కొండవతల మేస్తా ఉందని సరిపెడతాడు. నువ్వు ఇన్ని అడగమాక."

రోబో "పానీ, పానీ" అంటే ఆమెకి అది 'పని'. "పనుల్లేవంటండ్రా వాళ్ళూళ్ళో. పని కోసం తిరుగుతున్నారు. మన మాచర్ల వైపు లాగానే, పాపం." ఆ రోబోకి డబ్బాగాడు అని పేరు పెట్టింది. అతను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుడని తేల్చింది. "చూడు, ఎట్టా కూర్చున్నాడో. ఇల్లరికపోళ్ళు అంతే, చేతులు కదపరు." రోబోకి అసలు చేతులే లేవని నేను గుర్తుచేస్తే, "అందుకే ఇల్లరికం వచ్చింది, బయట ఎవరిస్తారు పిల్లని?" అనేది. చెల్లి పొట్ట పట్టుకుని నవ్వేది. అమ్మ పోయాక చెల్లి నవ్వింది ఆ ఇంట్లోనే.

అక్క బెలూన్ వదిలినప్పుడల్లా అత్తయ్య పని ఆపి గడ్డం ఎత్తేది. "మనూరి మీదికి ఒకటి వదలవే తల్లీ. చేలు నెర్రెలిచ్చినయ్."

ఒక రోజు సీరియల్లో తుఫాను వచ్చింది. అక్క బెలూన్‌కి కట్టిన బుట్టలోకి ఎక్కి పైకి వెళ్ళింది. మబ్బు మూసుకుంది. ఆ రోజుకి అంతటితో ఆగిపోయింది. మర్నాడు తమ్ముడు గుమ్మంలో నిలబడి ఆకాశం వైపు చూస్తూ ఏదో అడిగాడు. రోబో అతని పక్కకి జరిగాడు. తర్వాత అన్నాడు, "దీదీ చలీ గయీ."

చెల్లి అత్తయ్య వైపు తిరిగింది. అత్తయ్య చేతిలో మిరపకాయ అలాగే ఉంది. తొడిమ తీయలేదు. కాలి బొటనవేలు రిమోట్ మీదికి వెళ్ళింది. సౌండు తగ్గింది.

"ఏమన్నాడత్తయ్యా డబ్బాగాడు?"

"అదే... చెల్లి గయలో ఉందంట."

"ఎవరి చెల్లి?"

"ఆ అక్కకి చెల్లెలు. గయలో ఉంటదంట. ఒంట్లో బాగోలేదంట. చూసిరావటానికి పోయింది అక్క."

"వాళ్ళిద్దరే గదత్తయ్యా, అక్కా తమ్ముడూ?" అన్నాను నేను. "ఇన్నాళ్ళు లేని చెల్లి ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఉంటది లేరా, లెక్కల మాస్టారూ. ఉన్నోళ్ళందర్నీ టీవీలో చూపిస్తారా? నన్ను చూపిస్తన్నారా?"

చెల్లి మాత్రం ఆ ఊరి పేరు దగ్గరే ఆగిపోయింది. అది మాకు కొత్త పేరు కాదు. అమ్మ పెద్దకర్మ రోజున ఎవరో పెద్దాయన నాన్న భుజం మీద చెయ్యేసి, "వీలు చూసుకుని ఒకసారి గయకు పోయిరా. అక్కడ పిండం పెడితే మంచిది" అన్నాడు. అప్పుడు చెల్లి నాన్న ఒళ్ళోనే ఉంది. ఆమెకి పిండం అర్థం కాలేదు. గయ గుర్తుండిపోయింది.

"అత్తయ్యా, మా అమ్మ కూడా గయకే పోయిందా?"

నాన్నా, నాన్నమ్మా, బడిలో టీచరూ, అందరూ చెల్లితో అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిందనీ, చుక్కల్లో ఉందనీ చెబుతూ వచ్చారు. చెల్లి రోజూ పడుకునేముందు అమ్మ ఎప్పుడొస్తదని అడుగుతూ వచ్చింది.

"లేదమ్మా," అంది అత్తయ్య. "మీ అమ్మ చచ్చిపోయింది. మీ అమ్మ రాదు. గయకు పోయింది టీవీలో అక్క. ఆయమ్మ వస్తది."

అని మణికట్టుతో చెల్లి చెంప తుడిచింది. చెల్లి ఏడవలేదు. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. "చచ్చిపోయింది" అనే మాట ఆ ఏడాది మా మొహం మీద అన్నది ఆమె ఒక్కతే. ఆ రాత్రి చెల్లి ఏమీ అడగకుండా నిద్రపోయింది.

కొన్నాళ్ళకి కేబులువాళ్ళు ఆ ఛానల్ తీసేశారు. అక్క తిరిగొచ్చిందో లేదో మేం చూడలేదు. అత్తయ్య కేబుల్ అబ్బాయిని గుమ్మంలో నిలబెట్టి దులిపేసింది. "ఆ పిల్ల ఊరుగాని ఊళ్ళో ఉంటే మజ్జెలో ఆపేస్తార్రా? మీకు అక్కచెల్లెళ్ళు లేరూ?" ఆ అబ్బాయి ఎవరి గురించో తెలియక అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత కథని ఆమే నడిపించింది. టీవీ ఆపేసి ఉండేది. మేం అదే చోట కూర్చునేవాళ్ళం.

గయలో చెల్లెలికి జ్వరం తగ్గిందంట. పథ్యం పెడుతున్నారంట. అక్క బయల్దేరుదామంటే రైలు టికెట్టు దొరకలేదంట. అక్కడ కూడా వానల్లేక, అక్కడి కలెక్టరు బతిమాలితే నాలుగు బెలూన్లు వదిలిపెట్టి వద్దామని ఆగిందంట.

"ఇవన్నీ నీకెట్టా తెలుసు?" అనేవాణ్ణి.

"గయ పోయే బండ్లు నాగపూర్ మీదనించే గదరా పోయేది. తెలిసినోళ్ళున్నారు నాకు."

మేం పెద్దవాళ్ళమై ఆ కథ మానేశాక కూడా ఆమె ఒకటి మానలేదు. మొదటి వాన పడ్డప్పుడు, ఆరబోసిన మిరపకాయలు లోపలికి లాగేసి, తలుపు దగ్గర నిలబడి గడ్డం పైకెత్తేది. "ఎందాకా వచ్చావే తల్లీ?" అని అడిగేది. సందులో వాళ్ళు దేవుణ్ణి అడుగుతోందనుకునేవాళ్ళు.

హైస్కూల్లో నాకు హిందీ వచ్చింది. మొదటి ఏడాదే ఆవు సంగతి, పని సంగతి తెలిసిపోయాయి. 'ఆవో' అంటే రమ్మని, 'పానీ' అంటే నీళ్ళు. పుస్తకం పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. ఆమె శ్రద్ధగా విన్నది. "అది పుస్తకాల హిందీ రా. నాది నాగపూర్ హిందీ" అంది. నేను వదల్లేదు. "మరి చలీ గయీ అంటే వెళ్ళిపోయింది అని. అందులో గయా లేదు, చెల్లీ లేదు."

ఆమె ఒక మిరపకాయ తొడిమ తీసి, మరొకటి చేతిలోకి తీసుకుంది.

"వెళ్ళిపోయిందనే గదరా నేనూ చెప్పింది. ఎక్కడికో కూడా చెప్పా. మీ పుస్తకంలో అది కూడా లేదు."

పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను. ఇంజనీరింగ్ అయ్యి, చెన్నైలో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో చేరాను. సెలవులకి వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. ఆమెకి సందులో ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పడం ఇష్టం. చెప్పేటప్పుడు టీవీ సౌండు కాలితో తగ్గించేది. అయిపోగానే పెంచేది.

కంపెనీ నన్ను శిక్షణకి జపాను పంపుతుందని తెలిసేసరికి ఆమె మంచం పట్టి ఉంది. చెవులు కూడా మందగించాయి. చెల్లి సత్తెనపల్లిలో కాపురం ఉంటోంది. ఆ సంగతి చెప్పడానికి నేను వెళ్ళిన రోజు తనూ వచ్చి, మంచం అవతలివైపు కూర్చుని పాపకి అన్నం తినిపిస్తోంది.

"అత్తయ్యా, నన్ను జపాను పంపిస్తున్నారు," అన్నాను గట్టిగా.

"జపమా? ఈ వయసులో నీకు జపమేందిరా? పెళ్ళి చేసుకో ముందు."

"జపం కాదు. జపాను. దేశం. మన వానకోటు అక్క సీరియల్ తీసింది అక్కడే."

ఆమె లేవబోయింది. చెల్లి దిండు సర్దింది. కాసేపు నా మొహంలోకి చూసి, "అట్టయితే అడిగి రా" అంది.

"ఏమని?"

"వచ్చిందా అని."

నేను నవ్వాను. చెల్లి నవ్వలేదు. అది అప్పుడు గమనించాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

"బొమ్మ దొరికితే తీసకరా. చిట్టి కూతురికి కాదు. నాకే," అని, నా నుదుటి మీద జుట్టుని మణికట్టు వెనకభాగంతో పక్కకి తోసింది. అప్పటికి ఆమె కారం పని మానేసి చాలాకాలమైంది.

నా ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది. ఆ లోపల ఒక ఉదయం చెల్లి ఫోన్ చేసింది. "అన్నయ్యా, అత్తయ్య చచ్చిపోయింది." పోయారనో, ఇక లేరనో అనలేదు. ఆమె నేర్పిన మాటే వాడింది.

జపాన్ వెళ్ళాక ఒక ఆదివారం ఖాళీ దొరికింది. అకిహబారా వెళ్ళడానికి నా కాగితం మీద వరస రాసుకున్నాను. మా టీమ్ లీడర్ కొడుక్కి ఒక కాలిక్యులేటర్, నాకు సోల్డరింగ్ ఐరన్ మొనలు, చెల్లి కూతురికి ఏదైనా ఆటవస్తువు. చివర వానకోటు అక్క అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం అక్కడి పెద్ద రోడ్డు మీదికి బండ్లని రానివ్వరు. జనం రోడ్డు మధ్యలో నడుస్తారు. రెండు వైపులా భవనాల నిలువునా పెద్ద కళ్ళ అమ్మాయిల బొమ్మలు, మెరిసే అక్షరాలు, ఒక్కో అంతస్తుకీ ఒక్కో పాట. నాకు కోటప్పకొండ తిరునాళ్ళ గుర్తొచ్చింది. శివరాత్రికి ఊరూరి నుంచీ వచ్చిన ఎత్తయిన ప్రభలన్నీ లైట్లు వేసుకుని పక్కపక్కనే నిలబడితే ఇలాగే ఉంటుంది. అత్తయ్య అయితే, "ఇది ఏ ఊరి ప్రభ? అది ఏ ఊరి ప్రభ?" అని ప్రతి భవనానికీ ఆగి అడిగేది. మూలన నిలబడి కాగితాలు పంచుతున్న గౌను అమ్మాయిని చూసి, "దీన్ని ఎండలో నిలబెట్టిందెవర్రా?" అని తగువుకి దిగేది.

రైలు పట్టాల కింద ఇరుకు సందులో విడిభాగాల కొట్లు ఉన్నాయి. చిన్న చిన్న అరల్లో స్విచ్‌లు, వైర్లు, బల్బులు ధాన్యం గింజల్లా పోసి పెట్టారు. మామూలుగా అయితే నేను అక్కడే సాయంత్రం దాకా ఉండిపోయేవాణ్ణి. మొనలు కొనుక్కుని బయటపడ్డాను. ఆ తర్వాత బొమ్మల కొట్లు. కొత్త బొమ్మల కొట్లలో ఎవరికీ ఆ సీరియల్ తెలియలేదు. ఫోన్లో గీసుకున్న వానకోటు బొమ్మ చూపిస్తే ఒకమ్మాయి గొడుగులు అమ్మే చోటుకి తీసుకెళ్ళింది. చివరికి ఒకతను పాత బొమ్మలు అమ్మే భవనం చూపించాడు. అక్కడ ఎవరికి వాళ్ళు ఒక గాజు పెట్టె అద్దెకి తీసుకుని, తమ పాత బొమ్మలు అందులో పెట్టి అమ్ముకుంటారు. ఆ పెట్టెల్లో ఒకదాంట్లోనే, రంగు లేచిన టోపీతో, ఆమె.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన తాళాల గుత్తితో వచ్చాడు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. నేను ఆయన ఫోన్లో తెలుగులో మాట్లాడితే అది జపనీసులో పలికేది. ఆయన మాట్లాడితే తెలుగులో పలికేది. ఆయన ముందు కాగితం మీద రాతని వేలితో చూపించాడు. "బెలూన్ పోయింది. క్షమించండి," అంది ఫోన్.

ఫర్వాలేదన్నాను. తర్వాత అడిగి రమ్మన్నది అడిగాను. "ఈ అమ్మాయి బెలూన్‌లో వెళ్ళిన తర్వాత, తిరిగి వచ్చిందా?"

ఆయన అద్దాలు తీసి నన్ను చూశాడు. చాలాకాలంగా ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ ఏదో చెప్పాడు. ఫోన్ ఏ భావమూ లేని గొంతుతో తెలుగులో చెప్పింది. "ఆమె తిరిగి రాదు. తమ్ముడు మేకుకు ఉన్న ఆమె పాత కోటు వేసుకుంటాడు. కోటు పెద్దది. చేతులు మడుస్తాడు. బెలూన్ వదులుతాడు. వర్షం పడుతుంది. ముగింపు."

నేను పక్కకి వెళ్ళి చెల్లికి ఫోన్ చేశాను. సత్తెనపల్లిలో అప్పుడు భోజనాల వేళ. వెనక గిన్నెల చప్పుడు, పాప ఏడుపు.

"దొరికిందే," అన్నాను.

"ఏంది?"

"వానకోటు అక్క."

గిన్నెల చప్పుడు ఆగింది. "అడిగావా?"

"అడిగా. రాలేదంట. అత్తయ్య తప్పు చెప్పింది మనకి."

"తప్పు కాదన్నయ్యా. అత్తయ్యకి తెలుసు."

"ఎట్టా? హిందీ ఒక్క ముక్క రాదు ఆమెకి."

"ఆ ఒక్క ముక్క వచ్చు," అంది చెల్లి.

పాప పుట్టినప్పుడు, పురిట్లో ఉన్న చెల్లికి తోడుగా అత్తయ్య పది రోజులు వెళ్ళి ఉంది. అప్పుడు చెప్పిందట. నాగపూర్‌లో అత్తయ్యకి ఒక ఆడపిల్ల పుట్టింది. మాటలు కూడా రాని పిల్ల. జ్వరమొస్తే ఆసుపత్రిలో చేర్చారు. మామయ్య మందుల కోసం బయటికి వెళ్ళాడు. వార్డు బయట అత్తయ్య ఒక్కతే కూర్చుని ఉంటే, నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "బచ్చీ చలీ గయీ" అంది, పిల్ల పోయిందని. ఆ ఊరు వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. ఆమెకి వినపడింది చెల్లి, గయ. చెల్లి ఏంది, గయ ఏంది అనుకుంది. గయలో పెద్దాసుపత్రి ఉందేమో, పిల్లని అక్కడికి పంపించారేమో అనుకుంది. పెద్దాసుపత్రి అయితే నయమవుద్ది గదా అనుకుంది. మామయ్య తిరిగొచ్చేదాకా, గయకు రైలు ఎప్పుడుంటదో, పిల్లకి ఉన్ని టోపీ పెట్టారో లేదో, అవే ఆలోచిస్తూ కూర్చుంది.

"'ఆ కాసేపు నాకు చానా నెమ్మదిగా ఉందే చిట్టీ' అంది అన్నయ్యా," చెల్లి పాపని ఊరుకోబెట్టి మళ్ళీ చెప్పింది. "'ఆ తర్వాత ఆ మాటకి అర్థం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. టీవీలో డబ్బాగాడు ఆ మాట అనంగానే నువ్వు నా మొహం చూశావు. మీ అమ్మ సంగతి నీ దగ్గర దాస్తే లాభం లేదు, అది దాగదు. ఈ బొమ్మదాని సంగతి ఎవరికి నష్టం? నాకు దొరికిన కాసేపు నీక్కూడా ఉండనీ అనుకున్నా' అంది."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్పొద్దంది. 'మీ అన్న లెక్కల మాస్టారు, వాడు సరిదిద్దుతాడు' అంది."

చెల్లి నవ్వింది. నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది.

కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి పెద్దాయన బొమ్మని మెత్తటి కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన ఏ రంగు కాగితం చుట్టాలో రెండు చుట్టలు చూపిస్తున్నాడు. తన ఫోన్ నా ముందుకి జరిపాడు. అది అడిగింది. "ఇది బహుమతా? ఎవరి కోసం?"

"మా అత్తయ్య కోసం," అన్నాను.

"ఆమె మీతో జపాన్ వచ్చారా?"

చెప్పాల్సిన మాట నాకు తెలుసు. చెల్లి అయితే వెంటనే చెప్పేది. నోరు తెరిచాను.

"లేదు," అన్నాను. "గయకు పోయింది."

ఫోన్ దాన్ని జపనీసులోకి మార్చింది. మధ్యలో "గయా" అన్న పేరు అలాగే వినపడింది. అదొక ఊరని పెద్దాయనకి అర్థమైంది. తల ఊపి, పసుపురంగు కాగితం ఎంచుకుని, అంచులు వేలితో నొక్కుతూ పెట్టెకి చుట్టాడు. రెండు చేతులతో నాకు అందిస్తూ ఏదో అన్నాడు. ఫోన్ తెలుగులో పలికింది.

"ఆమె తిరిగి వచ్చినప్పుడు దీన్ని చూసి చాలా సంతోషిస్తారు."

నేను సరిదిద్దలేదు. అవునన్నట్టు తల ఊపాను.

కిందికి వచ్చేసరికి సన్నగా జల్లు మొదలైంది. రోడ్డు మధ్యలో నడిచే జనం గొడుగులు విప్పుకుంటున్నారు. స్టేషన్ అక్కణ్ణుంచి దగ్గరే, పట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి. పెట్టె తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని, వీలైనంత మెల్లగా నడిచాను.